అమ్మవారు రాని రోజు

ఆ క్వార్టర్లో అందరికంటే ముందు నిద్రలేచేది కుళాయి. సరిగ్గా ఐదున్నరకి గురగురమని రెండుసార్లు దగ్గి నీళ్ళు వదిలేది. ఆ దగ్గు వినపడగానే అప్పలనర్సమ్మ కూడా దగ్గుకుంటూ లేచి బిందె పెట్టేది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. భర్త త్రినాథరావు బిలాస్‌పూర్ రైల్వే షెడ్‌లో ఫిట్టర్‌గా ఉన్నప్పుడూ ఇదే, ఆయన రిటైరై కాలం చేశాక చిన్నకొడుకు రమణబాబు పేరున అదే క్వార్టర్ వచ్చినప్పుడూ ఇదే. పద్నాలుగు నెలల కిందట రమణబాబు డ్యూటీలో ఉండగానే గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఆ మర్నాడు కూడా, చెప్పొద్దూ, ఆ కుళాయి ఐదున్నరకే దగ్గింది. కాకపోతే ఆ రోజు బిందె పెట్టే దిక్కులేక నీళ్ళన్నీ వృథాగా పోయాయి.

ఆ ఆదివారం బిందెలు నింపి, చోడి అంబలి పొయ్యిమీద పెట్టేసరికి ముందుగదిలోంచి టకటకమని చప్పుడు వినిపించింది. అప్పలనర్సమ్మ తొంగి చూసింది. కోడలు మాధవీలత చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, రమణబాబు డ్యూటీ బూట్లు తొడుక్కుని, గది ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తోంది. బూట్లు పెద్దవై జారిపోకుండా ముందు గుడ్డపీలికలు కుక్కింది. తొమ్మిదేళ్ళ శ్రీనిధి మంచం మీద దొర్లి దొర్లి నవ్వుతోంది.

"మమ్మీ, ఏక్‌దమ్ పోలీస్‌లా ఉన్నావ్!"

"నవ్వకే. కొత్తవి ఇచ్చేదాకా వీటితోనే అలవాటు పడాలి," అంటూ వెనక్కి తిరిగిన మాధవి అత్తగారిని చూసి ఠక్కున ఆగిపోయింది. "తీసేస్తానత్తా."

"ఎందుకు తియ్యడం? మడమ దగ్గర కూడా కొంచెం దూది పెట్టు, నేకపోతే ఒరుసుకుంటాది," అని అప్పలనర్సమ్మ గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ ఉల్లిపాయ తరగకుండానే కళ్ళు తుడుచుకుంది.

సర్వీసులో ఉండగా మనిషి పోతే ఇంట్లో ఒకరికి రైల్వేలో ఉద్యోగం ఇస్తారు. మాధవి తనే చేస్తానంది. షెడ్‌లో హెల్పర్ పోస్టు. మెడికల్ పాసైంది, జాయినింగ్ ఆర్డర్ వచ్చేసింది. వారం దాటాక సోమవారం పొద్దున ఏడింటికల్లా షెడ్ గేటు దగ్గర ఉండాలి. ఆ ఉద్యోగం ఉంటే క్వార్టర్ ఉంటుంది, శ్రీనిధి బడి మారక్కర్లేదు, ఎవరి ఇంటికో వెళ్ళి ఒదిగి ఉండక్కర్లేదు. ఇన్ని మంచి సంగతులున్న కాగితం వచ్చి పది రోజులైనా, ఆ ఇంట్లో దాని గురించి గట్టిగా సంతోషపడిన మనిషి లేదు. కారణం పెద్దకొడుకు రాజేంద్ర.

అనుకుంటుండగానే వాకిట్లో బండి ఆగింది. రాజేంద్రది మోప్కాలో సొంతిల్లు, సీపత్ కరెంటు ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజర్ పని. ఆదివారం వస్తే వేడివేడి పోహా, జలేబీ పొట్లాలు తేకుండా రాడు. ఆ రోజూ తెచ్చాడు. కానీ గుమ్మంలోనే మరదలి కాళ్ళకేసి చూసి, పొట్లాలు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఆ బూట్లు ఎవరివి?"

మాధవి ఒక కాలి బూటు విప్పబోయింది.

"మా తమ్ముడి బూట్లు అవి. నేను బతికుండగా మా తమ్ముడి భార్య మగాళ్ళ మధ్య గ్రీజు గుడ్డ పట్టుకుని తిరుగుతుందా? కాలనీలో మా పరువు, మా ఇజ్జత్ ఏం కావాలి?"

"ఆయన చేసిన పనే కదా బావగారూ. అప్పుడు ఇజ్జత్‌గానే ఉంది," అంది మాధవి, నేల చూస్తూనే.

"అచ్ఛా! మాటలు వచ్చాయే! నేనేమన్నాను? శ్రీనిధి పెద్దయ్యాక దానికి ఇమ్మని అర్జీ పెడదామన్నాను. అంతవరకు మోప్కా వచ్చీండి. మేడమీద గది కట్టించాను. నీ తోడికోడలు ఉషకి తోడుంటావు, పిల్లకి పెద్దనాన్న ఉంటాడు. ఏం తక్కువైంది?"

"తొమ్మిదేళ్ళు మేడమీద కూచోమంటారా?" అంది మాధవి. గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ ఆ మాటకి రాజేంద్ర చేతిలో జలేబీ పొట్లం నలిగిపోయింది.

రాజేంద్ర చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. తండ్రి పోయేటప్పుడు చెయ్యి పట్టుకుని 'ఇల్లు నీ మీద పెడుతున్నాను' అంటే, ఆ మాటని తలకెత్తుకుని మోస్తున్నవాడు. కాకపోతే మోసేవాడికి ఒక జబ్బు ఉంటుంది, ఎవరైనా నేను నడుస్తానంటే ఒప్పుకోడు.

"అమ్మా, ఒకసారి పెరట్లోకి రా," అన్నాడు. మునగచెట్టు కిందకి తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు. "ఎల్లుండి మంగళవారం అమ్మోరి పండగ కదా. నువ్వు పలుకు చెప్పేటప్పుడు నేను అందరి ముందూ అడుగుతాను. మా ఇంటి కోడలు షెడ్‌కి వెళ్ళొచ్చా అని. అమ్మోరు వద్దంటే వద్దు. గుడి కమిటీ గోవిందరావు బాబాయితో కూడా మాట్లాడాను. అమ్మోరి మాట దాటి మాధవి వెళ్ళదు. బస్, ఇంట్లో గొడవ ఉండదు."

"అమ్మోరు ఎల్లమంటేనో?"

రాజేంద్ర తల్లి ముఖంలోకి చూశాడు.

"నువ్వున్నావు కదమ్మా," అన్నాడు.

అన్నది రెండు మాటలే. అప్పలనర్సమ్మకి మాత్రం పెరట్లో ఎండ ఒక్కసారిగా ఎక్కువైనట్టనిపించింది.

ఈ పలుకు సంగతేమిటో చెప్పాలి. బొబ్బిలి పక్క పల్లెల నుంచి రైల్వే పనికి వచ్చిన మొదటివాళ్ళు, తమ ఊరి అమ్మవారి గుడి దగ్గర నుంచి గుప్పెడు మట్టి మూటగట్టుకుని బిలాస్‌పూర్ తెచ్చారు. ఆ మట్టి మీద కాలనీ చివర చిన్న గుడి లేచింది. ఏటా చైత్రమాసంలో చివరి మంగళవారం పండగ. ముత్తైదువలు ఘటాలెత్తుతారు, డప్పులు మోగుతాయి, పసుపునీళ్ళు పోస్తారు. అప్పుడు అమ్మవారు అప్పలనర్సమ్మ ఒంటిమీదకి వచ్చి పలుకుతుంది. పెళ్ళి ముహూర్తాల నుంచి ట్రాన్స్‌ఫర్ల దాకా జనం అడుగుతారు. ఆవిడ నోట వచ్చిందే తీర్పు. ముప్ఫై మూడేళ్ళుగా కాలనీలో ఆ మాటకి తిరుగులేదు.

అమ్మవారు వచ్చేటప్పుడు ముందు అరికాళ్ళలోంచి చలి పుట్టేది. అది మోకాళ్ళు దాటి, వెన్నులోంచి తలకెక్కేది. తరవాత ఏమీ తెలిసేది కాదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి ఎవరో విసురుతూ ఉండేవారు, నోట్లో మజ్జిగ పోస్తూ ఉండేవారు. తనేం చెప్పిందో వాళ్ళు చెబితే వినేది. ఒకే ఒక్క సంవత్సరం అలా జరగలేదు. ఆ సంవత్సరం అప్పలనర్సమ్మకి ప్రతి మాటా గుర్తుంది. అదే ఆవిడ గుండెల్లో ఇరవై రెండేళ్ళుగా గుచ్చుకుంటున్న ముల్లు.

ఆ సాయంత్రం మాధవి వంటింట్లో పండగ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే అంది.

"బావగారు పెరట్లో చెప్పింది విన్నానత్తా. వినాలని వినలేదు, కిటికీ తీసి ఉంది."

అప్పలనర్సమ్మ చేతిలో చేట కింద పెట్టింది.

"నాకేం బాధ లేదు. నిజంగా. అమ్మోరు వద్దంటే ఆర్డర్ ఆవిడ దీపంలోనే కాల్చేస్తాను. ఆయన పోయినప్పుడు పదకొండు రోజులు నేను అన్నం ముట్టలేదు, గుర్తుందా? ఆ రోజుల్లో అమ్మోరి పటం ముందు పడుకునేదాన్ని. ఆవిడ లేకపోతే నేను ఈపాటికి ఉండేదాన్ని కాదు. మనుషులు వద్దంటే నేను వినను. ఆవిడ అంటే వింటాను." రాయి ఒకటి ఏరి పక్కన పెట్టింది. "కానీ వెళ్ళమంటుందని నా మనసుకి అనిపిస్తోంది."

అప్పలనర్సమ్మ పొయ్యి దగ్గరకి పోయి, ఆరిపోయిన పొయ్యిని మళ్ళీ ఒకసారి ఆర్పింది.

మర్నాడు పండగ సరుకులకి ఆవిడ సదర్ బజార్ వెళ్ళింది. పూజాసామాన్ల కొట్లో పసుపు తూచేది కనకం. కాలనీ పిల్లే. ఇరవై రెండేళ్ళ కిందట రాయ్‌పూర్‌లో నర్సు ట్రైనింగ్‌కి సీటొచ్చింది. ఆడపిల్లని ఒక్కదాన్నీ పంపడమా అని తండ్రి తటపటాయించి పలుకు అడిగాడు. ఆ ఏడు అప్పలనర్సమ్మ అరికాళ్ళలో చలి పుట్టలేదు. డప్పులు మోగుతున్నాయి, జనం చేతులు జోడించుకుని చూస్తున్నారు. గుడి కమిటీ పెద్ద గోవిందరావు పొద్దుటే ఆవిడతో 'పంపడం మంచిది కాదు వదినా' అనేశాడు. అందరూ చూస్తుండగా అమ్మోరు రాలేదని చెప్పడానికి నోరు రాలేదు. అలవాటైన ఒళ్ళు అదే ఊగింది. 'పిల్లని గడప దాటనివ్వకు' అని అలవాటైన గొంతు అదే పలికింది. కనకానికి ఆ ఏడే పెళ్ళి చేశారు. ఆ మొగుడు మూడేళ్ళకే ఎటో వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఈ కొట్టు, ఈ తక్కెడ.

"రా పెద్దమ్మా! రేపు నీ కాళ్ళు కడిగే పసుపు నేనే తెస్తాను. నువ్వు కొనకు," అంది కనకం, ముఖమంతా నవ్వు చేసుకుని. ఏటా పలుకుకి ముందు అప్పలనర్సమ్మ కాళ్ళకి పసుపునీళ్ళు పోసేది కనకమే. తనే అడిగి తీసుకున్న సేవ.

"కనకం... ఆ నర్సు ట్రైనింగుకి ఎల్లుంటే బాగుణ్ణని నీకు ఎప్పుడైనా అనిపిస్తాదేటే?"

కనకం పొట్లానికి దారం చుట్టింది.

"అమ్మోరు వద్దంది కదా పెద్దమ్మా. వెళ్ళుంటే ఏదో పెద్ద చెడే జరిగి ఉండేది. అందుకే ఆపింది. అలా అనుకునే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను," అని దారాన్ని పళ్ళతో పట్టి గట్టిగా బిగించింది.

ఇంటికి వస్తుంటే ఆటోలో అప్పలనర్సమ్మ పసుపు పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని లోలోపలే ప్రార్థించింది. 'తల్లీ, రేపు రా. నువ్వొచ్చి నీ మాట నువ్వే చెప్పీ. నన్నొక్కదాన్నీ అంతమంది మధ్య వదిలీకు.' అరవై ఆరేళ్ళ మనిషి, బడికి మొదటిరోజు వెళ్ళే పిల్లలా కొంగు నలుపుకుంటూ కూచుంది.

మంగళవారం ఎండ మాడ్చేస్తోంది. గుడి ముందు షామియానా వేశారు. ఘటాలు వచ్చాయి. డప్పులు, సాంబ్రాణి, వేపమండలు, పిల్లల కేకలు. పోయిన ఏడు ఇంట్లో మైల కాబట్టి పలుకు లేదు. రెండేళ్ళ ప్రశ్నలు దాచుకుని జనం ముందుకు తోసుకొస్తున్నారు. కనకం పసుపునీళ్ళ చెంబుతో వంగి అప్పలనర్సమ్మ కాళ్ళు కడిగింది. గోవిందరావు కొబ్బరికాయ కొట్టాడు. మాధవి శ్రీనిధి చెయ్యి పట్టుకుని ఆడవాళ్ళ వరసలో చివర నిలబడింది.

డప్పుల జోరు పెరిగింది. అప్పలనర్సమ్మ కళ్ళు మూసుకుని చలి కోసం చూసింది. రాలేదు. కాళ్ళ కింద సిమెంటు సుర్రుమంటోంది, అంతే. చెమట కారుతోంది. ఎక్కడో పిల్లాడు ఐస్ కావాలని ఏడుస్తున్నాడు. అన్నీ వినబడుతున్నాయి. అన్నీ వినబడుతున్నాయంటే అమ్మవారు రానట్టే.

రాజేంద్ర ముందుకొచ్చి చేతులు జోడించాడు. "తల్లీ! మా ఇంటి కోడలు షెడ్‌లో పనికి వెళ్తానంటోంది. వెళ్ళొచ్చా, వద్దా? నీ మాట చెప్పు!"

గోవిందరావు పక్కనే ఉండి చిన్నగా తలాడించాడు, చెప్పు అన్నట్టు. అప్పలనర్సమ్మ ఒళ్ళు దానంతటదే ఊగడం మొదలుపెట్టింది. ముప్ఫై మూడేళ్ళ అలవాటు మరి. పెదవులు విడివడ్డాయి. రెండే రెండు మాటలు, 'వద్దు, పంపకు' అంటే చాలు. కొడుకు సంతోషిస్తాడు. కాలనీలో తన పీట తనకుంటుంది. కోడలు కూడా ఏడ్చి ఊరుకుంటుంది, అమ్మవారి మాటేనని నమ్ముతుంది. ఇరవై రెండేళ్ళ తరవాత ఎవరైనా అడిగితే 'ఏదో చెడు జరిగి ఉండేది, అందుకే ఆపింది' అని దారం బిగిస్తుంది.

అప్పలనర్సమ్మ ఊగడం ఆపేసింది. చేతిలోని వేపమండలు తీసి అమ్మవారి ముందు పెట్టింది.

"అమ్మోరు రాలేదు," అంది.

డప్పులవాళ్ళకి వినపడక ఇంకో నాలుగు దెబ్బలు వేశారు. ఆవిడ చెయ్యెత్తింది. ఆగిపోయారు.

"ఇవాళ అమ్మోరు నా ఒంటిమీదకి రాలేదు. ఇప్పుడు మాట్లాడతన్నది నాను. అప్పలనర్సమ్మని."

"ఎండకి కళ్ళు తిరిగాయి. ఎవరే అక్కడ, మజ్జిగ తెండి! కూచో వదినా," అన్నాడు గోవిందరావు కంగారుగా.

"నాకేం తిరగలేదు గోవిందరావూ. ఇరవై రెండేళ్ళ కిందట కూడా అమ్మోరు రాలేదు. కనకం నాన్న అడిగిన రోజు. నాను ఊగాను, పిల్లని పంపొద్దని నానే చెప్పీసాను. అది అమ్మోరి మాట కాదు, నా పిరికితనం."

పసుపునీళ్ళ చెంబు నేలమీద పెట్టిన చప్పుడైంది. కనకం జనాన్ని తోసుకుంటూ వెళ్ళిపోయింది.

ఇక చూడాలి! ఇన్నాళ్ళూ చేతులు జోడించిన జనమేనా అనిపించింది. "అంటే మమ్మల్ని మోసం చేసిందన్నమాట!" అని ఒకరు, "కోడలు నూరిపోసి ఉంటుంది, ముసల్దానికి బుద్ధెక్కడుంది" అని ఒకరు. కుర్రాళ్ళు కొందరు "అరే హటావ్ బుడ్ఢీ కో!" అని, ముసలమ్మని అక్కణ్ణుంచి తప్పించమని అరిచారు. పక్క క్వార్టర్ అచ్చియమ్మ, ముప్ఫై ఏళ్ళ స్నేహం, ముఖం తిప్పుకుంది. గోవిందరావు ముఖం ఎర్రబడింది. "నువ్వు ఇంక ఈ గుడి మెట్టెక్కి పలుకు చెప్పడానికి వీల్లేదు. మీ ఇంట్లో శుభానికీ అశుభానికీ కాలనీ రాదు. ఆలోచించుకుని మాట్లాడు!"

"అమ్మా! బస్ చెయ్యి! మర్యాద తీసీకు!" అని అరిచాడు రాజేంద్ర.

అప్పలనర్సమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అంతమంది, అన్ని కోపపు ముఖాలు. జీవితంలో ఎవరికీ ఎదురు చెప్పిన మనిషి కాదు. అమ్మవారి మొహంకేసి చూసింది. పసుపు పూసిన చిన్న ఇత్తడి మొహం, ఎప్పటిలాగే ఉంది. అప్పుడు, ఎలా చెప్పాలి, ఆవిడ కుడిపక్కన ఎవరో వచ్చి నిలబడ్డట్టయింది. చలి లేదు, ఊపు లేదు. పురిటినొప్పుల్లో చెయ్యి పట్టుకునే మనిషి పక్కన ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. తిరిగి చూడలేదు. చూడక్కర్లేదని తెలిసిపోయింది. వెనక్కి వేసిన అడుగు మళ్ళీ ముందుకు వేసింది.

"రావద్దులే గోవిందరావూ. మెట్టు నీది, ఎక్కను. తల్లి మాత్రం మనందరిదీ. నా కోడలు నాతో ఏటందో తెలుసా? అమ్మోరు వద్దంటే ఆర్డర్ దీపంలో కాల్చీస్తానంది. అంత నమ్మకం పెట్టుకున్న పిల్ల నెత్తిన నాను అబద్ధం ఎలగ పెట్టను? రాజేంద్రా, నువ్వు నన్నడుగు. అమ్మోరిని కాదు, మీ అమ్మని అడుగు. నాను చెప్తాను. ఎల్లమంటాను. నా కొడుకు చేసిన పని నా కోడలు చేస్తే నా ఇంటికి తలవంపు కాదు. నాకు గర్వం."

ఎవరో ఇంకా అరుస్తూనే ఉన్నారు. ఈలోగా ఆడవాళ్ళ వరస చివరి నుంచి మాధవి నడిచి వచ్చింది. అత్తగారి చెయ్యి పట్టుకుంది. "పద అత్తా, ఎండగా ఉంది," అంది. ఇద్దరి మధ్యా శ్రీనిధి నడుస్తుంటే ముగ్గురూ షామియానా దాటి వెళ్ళిపోయారు. రాజేంద్ర మాత్రం అక్కడే, జోడించిన చేతులు విప్పడం మరిచిపోయి నిలబడ్డాడు.

ఆ తరవాత రెండు రోజులు ఆ ఇంటి గుమ్మం ఎవరూ తొక్కలేదు. అచ్చియమ్మ పెరటి గోడ మీంచి కూరాకు అడగడం మానేసింది. రాజేంద్ర ఫోన్ ఎత్తలేదు. అప్పలనర్సమ్మ అన్నం సగమే తినేది. చెప్పిన మాటకి బాధపడలేదు, కనకం ముఖం గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం కనకమే వచ్చింది. కూచోమంటే కూచోలేదు. తలుపు పట్టుకుని నిలబడే మాట్లాడింది.

"ఇరవై రెండేళ్ళూ నేను నీ కాళ్ళెందుకు కడిగానో తెలుసా పెద్దమ్మా? అమ్మోరి మీద కోపం పోవాలని. నన్నెందుకు ఆపిందా, నేనేం పాపం చేశానా అని రోజూ ఏడ్చుకునేదాన్ని. బయటికి మాత్రం మంచికే ఆపిందనేదాన్ని. ఆవిడ ఆపలేదు కదా." కనకం ముఖం తుడుచుకుంది. "నిన్న గుడికెళ్ళి, చాలాసేపు కూచున్నాను. ఇన్నేళ్ళకి ఆవిడ నాదైనట్టనిపించింది."

"నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు లేదే," అంది అప్పలనర్సమ్మ, ఏడుస్తూ.

"అడక్కు. నీ మీద కోపం తీరడానికి నాకు టైం కావాలి. నిజం చెబుతున్నాను." కనకం కొంగులోంచి చిన్న పొట్లం తీసి గట్టుమీద పెట్టింది. "పసుపు. మాధవి మొదటిరోజు డ్యూటీకి వెళ్ళేటప్పుడు గుమ్మానికి రాయండి. నాకు ఎవరూ రాయలేదు, దానికైనా రాయండి."

ఆవిడ వెళ్ళిపోయాక అప్పలనర్సమ్మ ఆ పొట్లాన్ని కళ్ళకద్దుకుంది. ఆ పూట అన్నం మొత్తం తింది.

సోమవారం కుళాయి ఐదున్నరకే దగ్గింది. అప్పలనర్సమ్మ అంతకుముందే లేచి కూచుని ఉంది. గుమ్మానికి పసుపు రాసింది. టిఫిన్ క్యారియర్‌లో పులిహోర సర్దింది, పైగిన్నెలో పెరుగన్నం పెట్టింది. మాధవి పంజాబీ డ్రెస్సు వేసుకుని, జుట్టు బిగించి ముడేసి, బూట్లలో మళ్ళీ గుడ్డపీలికలు కుక్కుతోంది.

వాకిట్లో బండి ఆగింది.

రాజేంద్ర లోపలికి వచ్చాడు. గడ్డం పెరిగింది. చేతిలో జలేబీ పొట్లం లేదు, అట్టపెట్టె ఉంది. దాన్ని మాధవి ముందు నేలమీద పెట్టి, తనూ అక్కడే చతికిలబడ్డాడు. మాధవి మూత తీసింది. సరికొత్త డ్యూటీ బూట్లు, ఆడవాళ్ళ సైజువి.

"సీపత్‌లో మా సైట్లో ఆడవాళ్ళు వేసుకునేవి. క్రేన్ దగ్గర పని చేసేవాళ్ళు, వెల్డింగ్ చేసేవాళ్ళు, రోజూ చూస్తూనే ఉన్నాను. వాళ్ళకి నమస్తే దీదీ అంటాను. ఇంటి మనిషి దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకున్నాను." ఆగి, తల్లికేసి చూశాడు. "నీ చేత అబద్ధం ఆడించబోయానమ్మా. అదీ అమ్మోరి పేరు మీద. ఆరు రోజులుగా అన్నం సయించడం లేదు. ఉష కూడా ఛీ కొట్టింది."

"నాను అందరి ముందూ నిన్ను చిన్నబుచ్చాను కదరా."

"చిన్నబుచ్చలేదు. కానీ..." రాజేంద్ర ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. "అక్కడే కదమ్మా తమ్ముడు పడిపోయాడు. అదే షెడ్. ఆ గేటు ముందునుంచి వెళ్ళాలంటే నేను ఇప్పటికీ బండి తిప్పుకుని వేరే రోడ్డు మీద పోతాను. మాధవి రోజూ ఆ గేట్లోకి వెళ్తుందంటే నాకు భయం వేసింది. భయం అని చెప్పలేక ఇజ్జత్ అన్నాను."

ఇంతకాలం ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఎంత గొడవ తప్పేదో! అప్పలనర్సమ్మ కొడుకు తలని గుండెకి ఆనించుకుంది. నలభై రెండేళ్ళ మగాడు వెక్కి వెక్కి ఏడ్చాడు. మాధవి ఏడుపు ఆపుకోవడానికి కొత్త బూట్ల లేసులు మూడుసార్లు కట్టింది.

"నాకూ భయమే బావగారూ," అంది చివరికి. "గేటు దాకా మీరు వస్తే వెళ్తాను."

రాజేంద్ర కళ్ళు తుడుచుకుని లేచాడు. "పద. ఇవాళ ఆ రోడ్డు మీదే పోదాం."

మాధవి అత్తగారి కాళ్ళకి దండం పెట్టింది. బూట్లు సరిగ్గా సరిపోయాయి. కాలనీ రోడ్డు మీద బండి వెళ్తుంటే ఒకరిద్దరు తలుపులు వేసుకున్నారు. అచ్చియమ్మ మాత్రం గోడ మీంచి తల పెట్టి చూసి, చూసి, "క్యారియర్ పెట్టావా పిల్లకి?" అని గొణిగింది. ఆరు రోజుల తరవాత అదే మొదటి మాట.

ఏడింటికి షెడ్ సైరన్ మోగింది. అప్పలనర్సమ్మ దేవుడి గూట్లో దీపం వెలిగించి అమ్మవారి పటం ముందు కూచుంది. శ్రీనిధి బడి బ్యాగు తగిలించుకుని వచ్చి పక్కన నిలబడింది.

"మామ్మా, అమ్మోరు ఆ రోజు నిజంగా రాలేదా?"

అప్పలనర్సమ్మకి గుడి ముందు ఎండ గుర్తొచ్చింది, ఆ అరుపులు గుర్తొచ్చాయి, కోడలి చెయ్యి వచ్చి తన చేతిని పట్టుకోవడం గుర్తొచ్చింది. తను అన్న ప్రతి మాటా, ఒక్కటి పొల్లుపోకుండా గుర్తొచ్చింది. రెండు చేతులూ జోడించింది. కళ్ళ నీళ్ళు జోడించిన చేతుల మీద పడ్డాయి.

"ముప్ఫై మూడేళ్ళు నువ్వొచ్చి ఎల్లిపోయాక నాకేటీ గుర్తుండీది కాదు తల్లీ," అంది పటంతో. "ఈసారి పక్కన నిలబడి అంతా గుర్తుండనిచ్చావు. నీకు దండం."

శ్రీనిధికి అర్థం కాలేదు. అయినా మామ్మని చూసి తనూ దండం పెట్టి, "మామ్మా, జల్దీ, బస్ వచ్చేస్తుంది," అంది. అప్పలనర్సమ్మ ముఖం తుడుచుకుని, మనవరాలి చెయ్యి పట్టుకుని, పసుపు రాసిన గుమ్మం దాటింది.